మీసాల మెదూసా

ఆ రోజు నేను చేసింది తప్పు. ముందే ఒప్పేసుకుంటున్నాను. చివరిదాకా దాచిపెట్టి అప్పుడు ఒప్పుకుంటే మీరు నన్ను ఇంకా ఎక్కువ తిడతారు.

కువైట్ దేశమంతా తన అడ్రసు దాచుకుంటున్న రోజుల్లో, మా ఇంటికి మాత్రం ఒకసారి చూస్తే జన్మలో మరిచిపోలేని అడ్రసు పెట్టిన మనిషిని నేనే. ఇరాక్ సైన్యానికి మ్యాపులు పనిచేయలేదు, జాబితాలు పనిచేయలేదు. నేను పనిచేశాను. జీతం కూడా అడగలేదు.

అయితే ఒక్క మాట. బొమ్మ మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది. ఆ సంగతిలో ఎవరొచ్చి అడిగినా తగ్గేది లేదు.

నా పేరు వెంకటసుబ్బయ్య, మాది కడప జిల్లా. తొంభైలో అబూ హలీఫాలో, సముద్రానికి రెండు సందుల ఇవతల, ఒక కువైటీ ఇంట్లో డ్రైవరుగా ఉండేవాణ్ణి. డ్రైవరంటే కారు తోలడం, కారు కడగడం, చెట్లకు నీళ్ళు పెట్టడం, ఏసీ చెడిపోతే దాని ముందు నిలబడి తల గోక్కోవడం. ఇంటి యజమానురాలిని మేమందరం మామా అనేవాళ్ళం. అక్కడ పద్ధతి అంతే. మొదట్లో ఆ పిలుపుకు మా అమ్మ తమ్ముడు గుర్తొచ్చి నాకు నోరు వచ్చేది కాదు. మామా ఆడపిల్లల బడిలో చరిత్ర చెప్పేది. ఆమె భర్త, అంటే మా బాబా, సైన్యంలో పెద్ద ఆఫీసరుగా చేసి రిటైరైన మనిషి. పిల్లలు ఆ ఎండాకాలం సెలవులకు లండన్ పోయి ఉన్నారు.

వంటింట్లో ఓబులమ్మ. రాయచోటి పక్క మనిషి. నాకంటే ముందు వచ్చింది కాబట్టి అరబీలో నాకు మర్యాదలు వస్తే ఆమెకు తిట్లు వచ్చేవి.

ఇప్పుడు అసలు మనిషి దగ్గరికి వస్తాను. మనిషంటే మనిషి కాదు. హాల్లో గోడకు వేలాడే రాగి పళ్ళెం. మామా ఎప్పుడో గ్రీసు దేశం పోయినప్పుడు కొనుక్కొచ్చింది. పళ్ళెం నిండా ఒక ఆడమనిషి మొహం. గుడ్లు ఉరిమి చూస్తుంటాయి, నాలుక బయటికి వేలాడుతుంటుంది, తల మీద వెంట్రుకలకు బదులు పాములు. వారానికోసారి చింతపండు పెట్టి దాన్ని తోమే పని ఓబులమ్మది. ఆ రోజు ఆమె మొహం ఆ పళ్ళెంలో ఉన్న మొహంలాగే ఉండేది.

"జుట్టంతా పాములైతే నూనె యాడ పెట్టుకుంటాదన్నా?" అని నన్నడిగింది ఒకసారి. "ఒగ పాముకు పెడితే ఇంగో పాము అలుగుతాది గదా?"

నాకు తెలియక మామాను అడిగాను.

"ఈ రాక్షసి ఎవరు మామా?"

"రాక్షసి అనకు సుబ్బా. ఆమె పేరు మెదూసా. గ్రీకులది. ఆ పేరుకు అర్థం తెలుసా? కాపాడేది అని, ఏలేది అని."

"ఈ మొహమా?"

"ఈ మొహమే. ఆమె కళ్ళలోకి చూసినవాడు రాయైపోతాడు. ఒక వీరుడు అద్దంలా మెరిసే డాలులో ఆమె నీడ చూస్తూ తల నరికాడు. నరికిన తలను ఒక దేవత తన డాలు మీద పెట్టుకుంది. అప్పట్నుంచి జనం ఆ మొహాన్ని యుద్ధానికి పోయే డాళ్ళ మీద వేసుకున్నారు, గుళ్ళ కప్పుల మీద పెట్టుకున్నారు, రొట్టెలు కాల్చే పొయ్యిల మీద, తాగే గిన్నెల అడుగున కూడా వేసుకున్నారు. చెడు దగ్గరికి రాకుండా."

నా ఒళ్ళు పులకరించింది. "మామా, ఇది మా దిష్టిబొమ్మ! మా ఊర్లో కొత్త ఇల్లు కడితే ఇట్లాంటి మొహమే కడతాం. ఇవే గుడ్లు, ఇదే నాలుక."

మామాకు కూడా సంబరమైంది. బడిలో పిల్లలు వినరు, ఇంట్లో బాబా వినడు. నేను నోరు తెరుచుకుని వినేవాణ్ణి. ఇంకోరోజు సముద్రం ఒడ్డున కారు కడుగుతుంటే ఒక జెల్లీచేప నా కాలు కాల్చింది. నేను ఒంటికాలి మీద గెంతుతుంటే, "దాన్ని కూడా చాలా దేశాల్లో మెదూసా అనే అంటారు, జుట్టు అట్లా పాముల్లా వేలాడుతుందని," అని మామా అక్కడే పాఠం చెప్పింది. నేను అరుస్తూనే నేర్చుకున్నాను.

కథ చెప్పిన ప్రతిసారీ చివర్లో ఆమె ఒక మాట అనేది. "అందరినీ కాపాడే పేరు పెట్టుకుంది గానీ సుబ్బా, ఆమెను కాపాడటానికి మాత్రం ఎవరూ రాలేదు."

ఆ మాట గుర్తుంచుకోండి. నేను గుర్తుంచుకోవాల్సినప్పుడు గుర్తుంచుకోలేదు.

ఆగస్టు మొదట్లో ఒక తెల్లవారుజామున సైన్యం వచ్చింది. టాంకుల సంగతి, దోపిడీ సంగతి మీరు వేరేవాళ్ళ దగ్గర విని ఉంటారు. మా ఇంట్లో జరిగింది ఇది: బాబా తన సిల్కు దిష్‌దాషా విప్పేసి, నా లుంగీ కట్టుకుని, వంటిల్లు వెనకాల ఉన్న నా గదిలోకి మారిపోయాడు. సైన్యంలో చేసినవాళ్ళను ఇరాక్ వాళ్ళు వెతికి పట్టుకుపోతున్నారు. పోయినవాళ్ళ కబురు తెలియడం లేదు. లుంగీ కట్టడం రాక బాబా దాని మీద ఆఫీసరు బెల్టు పెట్టుకున్నాడు. ఓబులమ్మ చేసే చిత్రాన్నం తింటూ, "ఇంత కారం తింటూ మీరు మా మీద తిరగబడలేదంటే ఆశ్చర్యమే," అనేవాడు.

ఒకరోజు పొద్దున మామా నా చేతికి స్క్రూడ్రైవరు ఇచ్చింది. "గేటు మీద నెంబరు తీసెయ్యి. పేరు పలక కూడా. యల్లా, త్వరగా."

తీసేశాను. చూస్తే ఎదురింటి హాజీ కూడా తన నెంబరు తీస్తున్నాడు. పక్కింటివాళ్ళూ అంతే. సందు మొదట్లో ఉండే వీధి పేరు బోర్డు కూడా మాయమైంది. నేను ఎందుకని అడగలేదు. నాకు తెలుసనుకున్నాను. అవి ఇత్తడి నెంబర్లు. ఊరంతా దోచుకుంటున్నారు, ఇత్తడిని వదులుతారా? జాగ్రత్త పడుతున్నారు అనుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

నెంబరు పోయాక గేటు బోసిగా కనపడింది, పెళ్ళి మధ్యలో బాసికం ఊడిపోయిన పెళ్ళికొడుకు నొసలులాగా. వచ్చే పోయే సైనికులేమో మా ఏసీల వంక, మా ఖర్జూరపు చెట్ల వంక ఒకటే చూపు. ఇంత ఏడుపు చూపు తగులుతుంటే ఆ ఇల్లు నిలుస్తుందా? బాబా లోపల ఉన్నాడు. ఆయన తలకేమైనా అయితే? ఉప్పు తిన్న ఇంటికి నేను ఏమీ చేయడం లేదే అనిపించింది.

సరిగ్గా అప్పుడే గంగారాం వచ్చాడు. జగిత్యాల దగ్గర మనిషి, అల్ రాయ్‌లో ఒక షెడ్డులో కార్లకు పెయింటు కొట్టేవాడు. షెడ్డు దోచుకుపోయారట. మిగిలిన మూడు డబ్బాలు చంకలో పెట్టుకుని మా ఇంటికి చేరాడు. ఎరుపు, నలుపు, పసుపు.

"గిది కార్ల పెయింటు సుబ్బన్నా," అన్నాడు డబ్బాల మీద చెయ్యి వేసి, కూతురి సంబంధం మాట్లాడుతున్నట్టు. "ఎండకు వోదు, వానకు వోదు, ఉప్పుగాలికి వోదు. గీకినా వోదు."

నేను ఆ మాటను హామీగా విన్నాను. మీరు మాత్రం హెచ్చరికగా వినండి.

చిన్నప్పుడు ప్రొద్దుటూరులో లారీల వెనక బొమ్మలు వేసే ఒకాయన దగ్గర కొన్నాళ్ళు పని నేర్చుకున్నాను. ఆయన నన్ను తరిమేశాడు. కారణం ఒకటే. నేను ఏ మొహం వేసినా మీసాలు వచ్చేస్తాయి. లక్ష్మీదేవికి వచ్చాయి. పాలు తాగే పాపకు వచ్చాయి. ఒకసారి ఆవుకు వచ్చాయి.

మధ్యాహ్నం, ఎండకు సైనికులు నీడలు వెతుక్కుని పడుకునే వేళ, గేటు మీద మెదూసాను వేయడం మొదలుపెట్టాను. గుడ్లు ఒక్కొక్కటి పళ్ళెమంత. నాలుక గేటు గొళ్ళెం దాకా. తల మీద పాములు, నోట్లో కోరలు.

ఓబులమ్మ వచ్చి నడుము మీద చేతులు పెట్టుకుని చూసింది. "బాగుండాది గానీ, ఆడమనిసికి మీసాలేందన్నా?"

"నేనేం చేయాల మ్మే? అవంతటవే వచ్చినాయి."

"మొగుడు చచ్చినాక యవ్వారం ఆమే చూసుకుంటాండాదేమో లే," అని ఆమె సర్దిచెప్పుకుంది.

గంగారాం మాత్రం మీసాల చివర్లు కొంచెం పైకి మెలితిప్పమన్నాడు. తిప్పాను. కింద, లారీ పద్ధతి ప్రకారం, పసుపు అక్షరాలతో రాశాను: సుబ్బయ్య ఆర్ట్స్, కడప.

మామాకు చెప్పలేదు. ఆమె బయటికి రావడమే మానేసింది. తెలిసినప్పుడు సంతోషిస్తుందని దాచుకున్నాను.

మర్నాడు ఖుబ్బూస్ రొట్టెల కోసం లైన్లో నిలబడ్డాను. ముందు ఇద్దరు ఇరాక్ సైనికులు. ఒకడు ఇంకొకడికి దారి చెబుతున్నాడు. "దెయ్యం గేటు ఉంది చూడు, అక్కడ ఎడమకు తిరుగు. దెయ్యం గేటు తెలియకపోవడమేంటి? మీసాల దెయ్యం!"

నా ఛాతీ ఎంత ఉబ్బిందంటే వెనక నిలబడ్డవాడు ఒక అడుగు వెనక్కి జరిగాడు. రొట్టెలు తీసుకుని ఇంటికి పరుగెత్తాను. ప్రొద్దుటూరులో తరిమేసిన గురువు ఇది వినాల్సింది!

"మామా! మామా! మన ఇల్లు ఎంత పేరు తెచ్చుకుందో తెలుసా? సైన్యమంతా మన గేటు చూసే దారి చెప్పుకుంటున్నారు!"

మామా చేతిలో ఉన్న టీ గ్లాసు కింద పెట్టేసింది. నిలబడి గేటు దాకా నడిచింది, గేటు తెరిచి బయటి పక్క చూసింది.

"సుబ్బా, నేను నెంబరు ఎందుకు తీయించాననుకున్నావు?"

"ఇత్తడి దొంగలు ఎత్తుకుపోతారని."

ఆమె గేటు పక్కన మెట్టు మీద కూర్చుండిపోయింది. "వాళ్ళ దగ్గర పేర్లున్నాయి సుబ్బా, ఇళ్ళ నెంబర్లున్నాయి. నెంబరు లేకపోతే ఏ ఇల్లు ఎవరిదో వాళ్ళకు తెలియదు. అందుకే దేశమంతా నెంబర్లు పీకేసింది. ప్రతి సందూ ఇంకో సందులా ఉండాలి, ప్రతి ఇల్లూ పక్కింటిలా ఉండాలి. అదొక్కటే మా చేతిలో మిగిలిన ఆయుధం."

నేను ఆమె పక్కన నేల మీద కూర్చున్నాను. నా వయసులో సగం ఉన్న పిల్లలు కూడా ఈ మాట ఎవరూ చెప్పకుండానే తెలుసుకున్నారు. నేను మాత్రం దిష్టి తగలకుండా బొమ్మ కట్టాననుకున్నాను. దిష్టిబొమ్మ పనేమిటి? చూపును తన మీదికి లాక్కోవడం. అది తన పని చక్కగా చేసింది. చూపులన్నీ లాక్కొచ్చి బాబా దాక్కున్న ఇంటి ముందు పోసింది.

దాన్ని తుడిచేద్దాం అని లేచేలోపే జీపు వచ్చి ఆగింది.

దిగినవాడు కుర్ర లెఫ్టినెంటు. వెనక డ్రైవరు సైనికుడు, జీపు నిండా నీళ్ళ డబ్బాలు. మామా లోపలికి తప్పుకుంది.

"హిందీ?" అన్నాడు. ఇండియా వాడివా అని.

"హిందీ సార్."

"ఇది ఎవరు వేశారు?"

ఇక్కడ నోరు మూసుకోవాల్సింది. తెలివున్నవాడు ఎవడైనా మూసుకుంటాడు. కానీ జన్మలో మొదటిసారి ఒకడు నా బొమ్మ ముందు నిలబడి ఎవరు వేశారని అడిగాడు. "నేనే సార్," అన్నాను. అన్నది చాలక వంగి, కింద నా పేరు చూపించాను.

అతను నవ్వాడు. "మా అమ్మమ్మ గుమ్మానికి పాత చెప్పు వేలాడదీసేది. ఎప్పుడు? పెట్టెలో బంగారం ఉన్నప్పుడు. పెట్టె ఖాళీగా ఉన్నప్పుడు చెప్పు తీసి తొడుక్కునేది. ఇంత పెద్ద కాపలా పెట్టారంటే లోపల ఏముంది?"

"ఏమీ లేదు సార్. ఒక ముసలి మామా. మేం పనివాళ్ళం."

"ఆమె భర్త?"

"దేశంలో లేడు సార్."

అతను మళ్ళీ బొమ్మ వంక చూశాడు. నవ్వు కొంచెం తగ్గింది. "ఈ మీసం నాకు ఎక్కడో చూసినట్టుంది."

డ్రైవరు సైనికుడు గట్టిగా దగ్గాడు. ఇరాక్‌లో ఆ రోజుల్లో ప్రతి ఆఫీసు గోడ మీదా వాళ్ళ అధ్యక్షుడి పటం, ఆ పటంలో ఒక మీసం ఉండేది, దాని గురించి నవ్వినవాడు మళ్ళీ నవ్వేవాడు కాదు. ఇద్దరూ ఆ మాట అక్కడితో వదిలేశారు.

"ఇప్పుడు కాపలా పోస్టుకు నీళ్ళు చేర్చాలి. రేపు పొద్దున మనుషులతో వచ్చి ఇల్లంతా చూస్తాం," అన్నాడు లెఫ్టినెంటు.

"సార్, ఈ సందులన్నీ ఒకేలాగా ఉన్నాయి," అన్నాడు డ్రైవరు. "నిన్న మన పోస్టే మనకు దొరకలేదు."

"ఈ మొహం ఉండగా దారి తప్పుతామా?"

జీపు వెళ్ళిపోయింది. మెదూసా నా వంక చూసింది. నేను రాయైపోయాను. గ్రీకులు అబద్ధం చెప్పలేదు.

ఆ తర్వాత మేం ముగ్గురం ఆ గేటుతో పడ్డ పాట్లు చెబితే మీరు నవ్వుతారు. కిరోసిన్ పోసి రుద్దాం. పెట్రోలు పోసి రుద్దాం. ఇసుకతో రుద్దాం. ఓబులమ్మ చింతపండు కూడా తెచ్చింది, పళ్ళెం అలవాటు కొద్దీ. ఎరుపు కొంచెం కారి కోరల మీదికి దిగింది. అంతకుముందు ఆకలితో ఉన్నట్టున్న మొహం ఇప్పుడు ఎవరినో తిని వచ్చినట్టయింది.

"పోతలేదేందిరా గంగారాం!"

"పోదని మొన్ననే జెప్పిన గదనే," అన్నాడు. ఆ కష్టంలో కూడా వాడి గొంతులో గర్వం తగ్గలేదు. "నల్లరంగు మీద గొడుదామంటే డబ్బాల సగమే మిగిలింది. గొట్టినా సందు మొత్తంల గదొక్కటే నల్ల గేటైతది. గుర్తువట్టరా?"

బాబాను వేరే ఇంటికి మారుద్దామని మామాతో అన్నాను. బాబా నా గది గుమ్మంలో నిలబడి విన్నాడు. లుంగీ, బెల్టు, గడ్డం. "నా తల కోసం ఇంకొకడి గుమ్మం కాలకూడదు," అన్నాడు. "ఎవరి ఇంట్లో దొరికితే వాళ్ళను కూడా తీసుకుపోతారు. నేనిక్కడే ఉంటాను."

నేను ఆయన కాళ్ళ దగ్గర కూర్చున్నాను. "తిట్టండి బాబా," అన్నాను. ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు కొంచెం బాగుండేది. "బొమ్మ బాగుందటగా," అన్నాడు. "నేనింకా చూడలేదు."

మామా గేటు లోపలి పక్క నిలబడి ఉంది. తనలో తాను అనుకుంటున్నట్టు అంది. "పాపం, మెదూసాకు ఇద్దరు అక్కలున్నారు. వాళ్ళ మొహాలూ ఇట్లాగే ఉంటాయి. వాళ్ళకు చావు లేదు. ఈమె ఒక్కతే నరికితే చచ్చేది, అందుకే ఆ వీరుడు ఈమె దగ్గరికే వచ్చాడు. ఒంటరిగా దొరికింది కాబట్టి."

నేను లేచి నిలబడ్డాను. నా జీవితంలో నాకు ఒకే ఒక్క మంచి ఆలోచన వచ్చింది. అది ఆ మధ్యాహ్నమే వచ్చింది.

"మామా, అక్కలను పిలుద్దాం."

"ఏమంటున్నావు?"

"ఈ ఒక్క గేటు తుడవలేం. మిగతా గేట్లన్నిటికీ వేద్దాం. రేపు పొద్దున వాడొచ్చి ఏది అని వెతుక్కోవాలి."

ఓబులమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఓరి దేవుడా! సందంతా మీసాలా?"

మామా అబాయా వేసుకుని ఎదురింటి హాజీ దగ్గరికి వెళ్ళింది. నేను వెనకాలే. హాజీ పెద్ద మనిషి, మసీదు తప్ప వేరే దారి తెలియని మనిషి. మొహాలు గీయడం ఆయనకు గిట్టదని నాకు తెలుసు. మామా మా ఇంట్లో ఎవరున్నారో దాచకుండా చెప్పింది. ఆయన నా వంక చూశాడు. "గాడిదా," అన్నాడు. న్యాయమే.

"బొమ్మ వేయడం తప్పు," అన్నాడు తర్వాత. కాసేపు గడ్డం దువ్వుకున్నాడు. "కానీ ఇది బొమ్మ కాదు. శత్రువుకు చెప్పే అబద్ధం. అది వేరే లెక్క." మామా వంక తిరిగాడు. "మీ ఆయన ఒక్కడే దాక్కున్నాడనుకున్నావా తల్లీ? ఈ సందులో తలుపు వెనక ఎవరూ లేని ఇల్లు చూపించు." ఆయన లోపలికి పోయి తన ఇంటికి వేయగా మిగిలిన నల్ల పెయింటు డబ్బా తెచ్చి నా ముందు పెట్టాడు. "నాకు ఆ మీసాలు కొంచెం పెద్దవిగా వెయ్యి."

ఇక చూడాలి ఆ సాయంత్రం. ఒక్కో ఇంటి నుంచి ఒక్కో డబ్బా బయటికొచ్చింది. తలుపులకు వేసే రంగు, పడవలకు వేసే రంగు, ఒకావిడ అయితే మెహందీ గిన్నె తెచ్చింది. ఆమె మనసు నొప్పించకూడదని అది కూడా నాలుకకు వాడాను. నేను మొహం, గంగారాం పాములు, ఓబులమ్మ కోరలు. ఇంటివాళ్ళు లేని గేట్లు కూడా వదల్లేదు. సందు చివర వంట పాత్రలు తోముకుంటూ ఒక మనిషి కాపలా. జీపు చప్పుడైతే గిన్నె జారవిడవాలి. రెండుసార్లు జారవిడిచాడు. రెండుసార్లూ వట్టిదే. చేతికి సబ్బు అంటిందట.

పొద్దు వాలుతుండగా ఓబులమ్మ గట్టిగా అరిచింది. "సుబ్బన్నా! మన గేటుకు మాత్రమే నీ పేరుండాది. వాడు చూసినాడు గదా దాన్ని!"

పసుపు డబ్బా అందుకున్నాను. మళ్ళీ మొదటి గేటు నుంచి. సుబ్బయ్య ఆర్ట్స్, కడప. సుబ్బయ్య ఆర్ట్స్, కడప. నా చేతికి ఆ రోజు అంటిన పసుపు పెళ్ళినాడు కూడా అంటలేదు.

గంగారాం కుంచె కింద పెట్టేశాడు. "పాములన్ని నేనే ఏసిన. సగం గేట్లకు నా పేరు రాయాలె. గంగారాం, జగిత్యాల."

"రాస్తే సస్తాం రా నాయనా! అన్నీ ఒకటే మాదిరి ఉండాల!"

"గట్లయితే అన్నిటికి జగిత్యాల అని మార్వు. నాకేం ఫరక్ వడదు."

"ఇప్పుడు ఊర్ల తగువు పెట్టుకునే యాళేనా మీకు?" అని ఓబులమ్మ ఇద్దరినీ కలిపి అరబీలో తిట్టింది. మామా ఆ పక్కనే ఉందని మరిచిపోయి తిట్టింది. సైన్యం వచ్చినప్పటి నుంచి మామా నవ్వింది ఆ ఒక్కసారే.

పొద్దున జీపు వచ్చింది, వెనక ఒక ట్రక్కు. నేను చీపురు పట్టుకుని గేటు ముందు ఊడుస్తున్నాను. లెఫ్టినెంటు సందు మొదట్లో దిగాడు. రెండడుగులు వేసి ఆగిపోయాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. ప్రతి గేటు మీంచీ ఒక మీసాల మొహం నాలుక చాపి అతని వంకే చూస్తోంది. పక్క సందులోకి నడిచి చూసి వచ్చాడు. అక్కడ కూడా అంతే. హాజీ చెల్లెలిది ఆ సందు, రాత్రి అక్కడ కూడా వేశాం.

"నిన్నటి గేటు ఏది?" అన్నాడు నన్ను చూసి. నన్నయినా గుర్తుపట్టాడో లేదో. అతనికి లుంగీ కట్టిన హిందీవాళ్ళందరూ ఒకటే. ఆ రోజు మాత్రం అది నాకు మర్యాదగానే అనిపించింది.

"ఏది సార్?"

"కింద ఏదో రాసి ఉంటుంది."

"అన్నిటికీ ఉంది సార్."

"ఏమని?"

"ఈమె పేరు మెదూసా సార్. కాపాడేది అని అర్థం. ఈమె కళ్ళలోకి చూసినవాళ్ళు రాయైపోతారట. ఇట్లాంటిది మా ఊర్లో కూడా..."

"ఖలాస్! నోరు మూయ్!"

వెనకున్న సైనికులు ఒకరినొకరు చూసుకుంటున్నారు. లెఫ్టినెంటు మొహం ఎర్రబడింది. "ఇవన్నీ గీకేయించండి! ఒక్కో గేటూ!" అని అరిచాడు.

డ్రైవరు సైనికుడు దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు. మెల్లగా అయినా నాకు వినపడింది. "సార్, ఆ మీసాలు... గీకమని మీరు హుకుం ఇచ్చారని ఎవరైనా పైకి రాస్తే..."

లెఫ్టినెంటు ఒకసారి మీసాల వంక చూశాడు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. గీకమనలేడు, వదిలేయమనలేడు, వెతకలేడు, తిరిగిపోలేడు. నడిసందులో, ఎండలో, చెయ్యి గాల్లో పెట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. నేను కళ్ళారా చూశాను, మీరు నమ్మినా నమ్మకపోయినా సరే. ఆ మనిషి రాయైపోయాడు.

చివరికి పరువు కోసం రెండిళ్ళు తెరిపించాడు. ఒకటి ఖాళీ. ఇంకొకటి హాజీది. హాజీ వాళ్ళకు టీ ఇచ్చి, చక్కెర సరిపోయిందా అని అడిగాడు. ఆయన పెద్ద కొడుకు ఆ టీ కాచిన గదికి పైగదిలోనే ఉన్నాడని మాకు తర్వాత తెలిసింది. ట్రక్కు వెనక్కి తిరిగింది. లుంగీ, బెల్టుతో బాబా నా మంచం మీద కూర్చుని, చిత్రాన్నంలో మిరపకాయలు ఏరుకుంటూ ఆ చప్పుడు దూరం కావడం విన్నాడు.

నేను సంపాదించిన పుణ్యం కాదిది. నేను పెట్టిన మంటను సందంతా కలిసి ఆర్పింది. అందుకే తర్వాత నాకు చేతనైనది చేశాను. ఓబులమ్మ, గంగారాం మన దేశం పోవడానికి జోర్డాన్ దాకా పోయే బస్సు ఎక్కారు. నాకూ సీటు దొరికింది. "రా అన్నా, నీకేం పని ఈడ?" అని ఓబులమ్మ కిటికీలోంచి ఏడ్చింది. నేను ఆ సీటు వేరొకరికి ఇచ్చి తిరిగి వచ్చాను. బాబా నా గదిలో ఉన్నన్నాళ్ళూ వంట నాది, కాపలా నాది. ఆ వంట తిన్నాక ఆయన ఓబులమ్మ కోసం ఎంత బెంగపడ్డాడో చెప్పను.

ఫిబ్రవరి చివర సైన్యం పోయింది. నూనె బావుల పొగకు ఆకాశం నల్లగా ఉన్న ఆ రోజుల్లోనే సాండ్‌పేపరు తీసుకుని సందు మొదటి గేటు దగ్గర కూర్చున్నాను. ఒక్కో గేటూ గీకి, రంగు వేసి, ఇత్తడి నెంబర్లు నా చేత్తోనే బిగించి ఇచ్చాను. గంగారాం అబద్ధం చెప్పలేదు. ఆ పెయింటు పోదు. నా చేతుల చర్మం పోయింది. హాజీ మాత్రం తన గేటు ముట్టుకోనివ్వలేదు. "అబద్ధమే, కానీ మంచి అబద్ధం," అన్నాడు. మా గేటు దగ్గర మామా సాండ్‌పేపరు లాగేసుకుంది. బాబా బయటికొచ్చి, పగటి వెలుగులో, మొదటిసారి ఆ బొమ్మను చూశాడు. చాలాసేపు చూసి తన గడ్డం నిమురుకున్నాడు.

"సుబ్బా, ఆడదానికి మీసాలేంటి?"

"అవంతటవే వచ్చాయి బాబా."

కనుక పాఠకుల సాక్షిగా, మామా రాగి పళ్ళెం మీద చెయ్యి వేసి చేస్తున్న ప్రమాణం ఇది. ఇక మీదట ఏ ఇంటి గేటు మీదా ఏ మొహమూ వేయను. బోసిగా ఉన్న గేటును చూసి జాలిపడను. నెంబరు తీయమంటే ఎందుకని అడిగి మరీ తీస్తాను. ఇంత చెప్పినా ఎప్పుడైనా, ఎక్కడైనా, మళ్ళీ ఒక మొహం వేయాల్సి వస్తే, ఒక్క గేటుకు మాత్రం చచ్చినా వేయను. వేస్తే సందంతా వేస్తాను, మీసాలతో సహా.